ఎండ పడే గది

“సూర్యుడు అందరికీ ఒక్కడేగా? నీ ఒక్కదానికే ఎందుకు మునిగిపోతున్నాడు?” అన్నాడు మా ఆయన. నేనప్పుడు మంచం మీద కూర్చుని ఆయన సాక్సులకి జతలు వెతుకుతున్నాను. చేతిలో నల్లది ఒకటి, ఒళ్ళో నల్లవి బోలెడు. దీని జోడీ ఏదో తేల్చుకోలేక చాలాసేపటి నుంచి అలాగే ఉండిపోయాను. ఆయనకి తన మాట తనకే నచ్చి, ఫోన్ తీసి రాసుకున్నాడు.

మా ఆయన వృత్తి జనానికి ఉత్సాహం అమ్మడం. కంపెనీలవాళ్ళు ఉద్యోగులందర్నీ కూర్చోబెట్టి ఈయన చేత మనోబలం గురించి చెప్పించుకుంటారు. మిగతా రోజుల్లో ఇంట్లోనే వీడియోలు తీస్తాడు. ఇల్లు మొత్తానికి పొద్దుటి ఎండ పడేది ముందుగదిలోనే. దాని పెద్ద కిటికీకి మందపాటి నల్ల తెరలు బిగించి, మొహానికి ఎదురుగా గుండ్రటి లైటు పెట్టుకుని, వెలుగు మనలోనే ఉందని ఊరందరికీ చెబుతాడు. లోపలి వెలుగు చాలదేమో, పక్కన ఇంకో లైటు కూడా ఉంటుంది.

నేను ఆసుపత్రి నేలమాళిగలో స్కానింగ్ చేస్తాను. అక్కడా చీకటే. చలికాలంలో తెల్లారకముందే వంట చేసి బయల్దేరతాను, పొద్దుగూకాక ఇల్లు చేరతాను. ఏటా చలి మొదలయ్యేసరికి నాలో ఏదో మందగిస్తుంది. ఎంత పడుకున్నా నిద్ర చాలదు. తింటూనే ఉంటాను, ఏదీ రుచించదు. ఎవరైనా పలకరిస్తే జవాబు గొంతుదాకా వచ్చి వెనక్కి పోతుంది. ఎండలు ముదిరేసరికి ఏమీ జరగనట్టు లేచి తిరుగుతాను. మా అత్తగారు దీనికి చలికాలపు వేషాలని పేరు పెట్టింది. ఆవిడ కాలంలో ఆడవాళ్ళకి దిగులుపడే తీరిక ఉండేది కాదట. ఆడపడుచు వచ్చినప్పుడల్లా వదినది ఎలుగుబంటి జాతి అని నవ్వేది. ఆ ఎలుగుబంటి ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుని మా ఆయనా నవ్వేవాడు. పొద్దున్నే లేచి నలుగురికి వండిపెట్టే ఎలుగుబంటి ఎక్కడైనా ఉందా అని ఒక్కరికీ తోచలేదు.

ఆ ఏడు చలికాలంలో ఒక గర్భిణి బల్ల మీద పడుకుని, “అంతా బాగుందా అక్కా?” అని అడిగింది. బిడ్డ చక్కగా ఉంది, గుండె గబగబా కొట్టుకుంటోంది. బాగుందమ్మా అనడానికి నాకు నోరు పెగల్లేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోయాయి. నా మొహం చూసి, తన బిడ్డకేదో అయిందనుకుని ఆ పిల్ల కెవ్వుమంది. తోటి టెక్నీషియన్ పరుగున వచ్చి బిడ్డని తెర మీద మళ్ళీ మళ్ళీ చూపిస్తే గానీ ఆమె కుదుటపడలేదు. ఆ తర్వాత ఆ టెక్నీషియనే నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, పై అంతస్తులో మానసిక వైద్యురాలి ముందు కూర్చోబెట్టింది.

ఆ డాక్టరు నన్ను ధైర్యంగా ఉండమనలేదు. నమ్మకం కలగడానికి అదే చాలింది. ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు తగ్గుతుంది, చచ్చిపోవాలనిపిస్తుందా అని మామూలు గొంతుతో అడిగింది. ఒక్కోసారి అనిపిస్తుందన్నాను. ఆ మాట బయటపడ్డాక నాకే భయం వేసింది. వెలుతురు తగ్గే కాలంలో కొందరికి వచ్చే డిప్రెషన్ ఇది, బద్ధకం కాదు అంది. మాత్రలు రాసింది. పొద్దున్నే ఎండలో కాసేపు కూర్చోమని, నడవమని చెప్పి, డ్యూటీ వేళలు మార్చమంటూ తనే మా పైవాళ్ళతో మాట్లాడింది. వచ్చే ఏడు చలి మొదలవకముందే రమ్మంది.

ఇంటికొచ్చి మా ఆయనకి అంతా చెప్పాను. ఎంతో శ్రద్ధగా విన్నాడు. పిచ్చిదాన్ని, ఆశపడ్డాను. ఆ వారమే వీడియో పెట్టాడు. “మా ఇంట్లోనే ఒకరున్నారు, బద్ధకానికి ఋతువు పేరు తగిలించుకున్నారు” అని. కింద చప్పట్ల బొమ్మలే బొమ్మలు. అత్తగారు రెండుసార్లు పెట్టించుకుని చూసింది. నాకు ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళూ ఈ మనిషి ఏమనుకుంటాడో అనా నేను భయపడి చచ్చింది అనిపించింది. ఆయన్ని చూస్తే కోపం కూడా దండగనిపించింది.

ఆదివారం పొద్దున నిచ్చెన వేసుకుని తెరలు విప్పేశాను. లైట్లూ కెమెరా స్టాండూ స్టోర్‌రూమ్‌లో పడేసి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

“ఇదేంటి? నేను వీడియోలు ఎక్కడ తియ్యాలి?”

“స్టోర్‌రూమ్‌లో. ఇక్కడ రోజూ పొద్దున నేను కూర్చుంటాను. ఆ టైముకి టిఫిను మీరు చూసుకోండి.”

మనోబలం మీద గంటలకొద్దీ మాట్లాడే మనిషి, అమ్మా అని కేక పెట్టాడు. నలభై దాటిన మగాళ్ళకి ఆఖరి వాదన అదే.

అత్తగారు వచ్చింది. తిట్లకి సిద్ధపడ్డాను. ఆవిడ కిటికీనీ, గచ్చు మీద పడ్డ ఎండనీ చూస్తూ నిలబడింది. తర్వాత కొడుకుని వెళ్ళి టీ పెట్టుకోమంది. ఆయన వెళ్ళాక గోడవారగా కింద కూర్చుని, కాళ్ళు మెల్లగా ఎండలోకి చాపుకుంది.

“ఇది మీ మామగారి గది. ఆయన పోయేదాకా నేను తుడవడానికే వచ్చేదాన్ని” అంది. నా వైపు చూడకుండా, “నాకూ ఇలాగే వచ్చేది. ఎవరికీ చెప్పలేదు” అంది.

జాలి కలగాల్సిన చోటు అది. నాకు ముందు ఒళ్ళు మండింది. అంతా తెలిసి కూడా నావి వేషాలందా ఈవిడ? ఒక్క మాట, ఒక్క చలికాలంలో చెప్పి ఉంటే? ఆ మాటే అడుగుదామని తిరిగాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. పాదాలు పగిలి ఉన్నాయి. సగం పాదాల మీద నా కుర్చీ నీడ పడుతోంది.

కుర్చీ కాస్త పక్కకి జరిపాను. క్షమించి కాదు. కిటికీ పెద్దది.