ఏనుగు అటొకసారి, ఇటొకసారి

తన ఆట చూడటానికి వచ్చేవాళ్లందరికీ పులిహోర మునిలక్ష్మే కలపాల్సి వచ్చింది. చింతపండు పులుసు ముందురోజే కాచి పెట్టుకుంది. కోడి కూయకముందే లేచి అన్నం వార్చి, వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, నూనే పసుపూ పట్టించి, చేతులు కాలుతుంటే ఊదుకుంటూ కలుపుతూ ఉంది. మనసు మాత్రం చదరంగంలో తనకెదురుగా ఆడబోయే చంద్రకాంతమ్మ మొదట ఏ బంటు కదుపుతుందోనని ఆలోచిస్తూ ఉంది. 'మంత్రి ముందరి బంటు కదిపితే నేను గుర్రం తియ్యాల...' అనుకుంటుండగా అత్త దేవకమ్మ వంటింటి గడపమీద నిలబడి, "ఉప్పేసినావా?" అంది. వేసిందో లేదో మునిలక్ష్మికి గుర్తు రాలేదు. రుచి చూడటానికి వీల్లేదు. అమ్మవారికి నైవేద్యం పెట్టాకే ఎవరైనా నోట్లో వేసుకోవాలి. "ఏసినానత్తా" అని చెప్పేసింది.

"నీ ఆట సంగతి నాకు తెల్దు. అది ముగిసినాక అందురూ కలిసి అమ్మవారి దర్శనానికి పోవల్ల. ఆ మాట మీదనే నేను ఒప్పుకునింది. దినాలు సూసుకున్న్యావా?"

"ఇంకా వారముంది అత్తా."

"మాత్రలు తెప్పిస్తానంటే వద్దంటివి. ఆడ పోయి నా పరువు తియ్యబాకు."

లోపల అద్దం ముందు మీసం దువ్వుకుంటున్న ఆదిమూలం కేకేశాడు. "గెలిస్తే పేపర్లో ఫొటో ఏస్తారంట. ఆ గంధం రంగు పట్టుచీర కట్టుకో, బాగా పడ్తాది!"

ఆదిమూలానికి చిత్తూరులో మామిడికాయల మండీ. మొదట్లో "ఆడోళ్లకి సదరంగమేంది? రసంలో పోపెయ్యడం సరింగా నేర్సుకుంటే సాలు" అని నవ్వినవాడే, భార్య జిల్లా మహిళల పోటీలో చివరిదాకా వచ్చిందని తెలిశాక, "నేను నేర్పించిందేలేబ్బా" అని మండీలో చెప్పుకుంటున్నాడు. గుర్రం ఎటు దూకుతుందో అతనికి తెలియదు.

నేర్పింది మామ ఏకాంబరం. నెలకు మూడు రోజులు మునిలక్ష్మి పెరటి వసారాలో చాపమీద విడిగా కూర్చునేది. పక్షవాతంతో కాలు పడిపోయిన మామ పెరటి గుమ్మం లోపల మంచం వేయించుకుని, పీటమీద చదరంగం బల్ల పెట్టుకుని, తనతో తానే ఆడుకునేవాడు. ఒకరోజు ఆమె ఉండబట్టలేక, "ఆ ఏనుగు పోతుందే మామా" అంది. ముసలాయన బల్లను చాలాసేపు చూసి, "నీకెట్ల తెలిసె పాపా?" అన్నాడు. అప్పటినుంచి ఆమె దూరంనుంచి ఎత్తు చెప్పేది, ఆయన ఇద్దరి పావులూ తానే కదిపేవాడు. దేవకమ్మ ఊరుకునేది కాదు. "మూల కూసోవాల్సిన దానికి మంత్రులూ ఏనుగులూనా? మామకీ కోడలికీ సరిపాయ!" అంటే, "అరవబాకే, ఈడ నా రాజు ప్రాణం మీదికొచ్చి ఉండాది" అనేవాడాయన. ఆ మూడు రోజులూ పొయ్యి ముట్టించే పని లేదు, మండీ కూలీలకు అంబలి కాచే పని లేదు, ఎవరూ పిలిచేవాళ్లు లేరు. మూల కూర్చోవడం సిగ్గుపడాల్సిన సంగతి అని ఊహ తెలిసినప్పటినుంచీ విన్న మునిలక్ష్మి, ఆ రోజుల కోసం లోలోపల ఎదురు చూసేది. అలా ఎదురు చూస్తున్నందుకు మళ్లీ వేరే సిగ్గు. మామ పోయి రెండేళ్లయింది. తర్వాత ఆమె బల్ల లేకుండానే, కళ్లు మూసుకుని, రెండు పక్కలా తానే ఆడుకునేది.

తిరుచానూరులో ఒక సత్రం హాలు. వేదికమీద అమ్మవారి పటం, రెండు దీపాలు, హారతి ఇవ్వడానికి ఒక పూజారి, ఒక మైకు, ఎర్ర గుడ్డమీద వెండిరంగు కప్పు. వేదిక కింద ఆట బల్ల, దానికి చెరోపక్క తెల్లగుడ్డ పరిచిన కుర్చీ. చంద్రకాంతమ్మ తిరుపతిలో కాలేజీ లెక్చరరు, మూడేళ్లుగా బిరుదు ఆమెదే. ముందరి ఆటల్లో ఇద్దరూ సమానంగా ఉన్నారు. ఇదే ఆఖరిది. క్లబ్బు కార్యదర్శి దొరస్వామి మైకులో నియమం చెప్పాడు: ఈ ఆట సరిసమానమైతే బిరుదు పాత విజేతకే ఉంటుంది. అంటే మునిలక్ష్మి గెలిచి తీరాలి.

చంద్రకాంతమ్మ మొదటినుంచీ రాజు మీదికే వచ్చింది. మునిలక్ష్మి బెదరలేదు. ఎదుటివాళ్లకు ఏమి కావాలో ముందు చూడు, అది ఇవ్వకుండా ఉంటే సగం గెలిచినట్టే అనేవాడు మామ. చంద్రకాంతమ్మకు కావలసింది రాజు. మునిలక్ష్మి దాన్ని మూలకు సర్ది, ఎవరూ చూడని అవతలి అంచున తన గుర్రాన్ని వదులుకుని ఎదుటివాళ్ల రెండు బంట్లను తీసేసింది. ఆట తెలిసినవాళ్లు "అయ్యో, గుర్రం ఊరికే పాయెనే" అన్నారు. ఊరికే పోలేదు. ఆ అంచున ఆమె బంట్లు రెండు ఇప్పుడు పక్కపక్కనే నిలిచాయి. వాటిని ఆపడానికి ఎదురుగా ఒక్క బంటు కూడా లేదు. అంత బాగా ఆడినందుకు ఆమెకు ఒళ్లు పులకరించింది. ఆ వెంటనే పొత్తికడుపులో మెలిపెట్టినట్టయి, తడి తెలిసింది.

చెమటేమో అనుకోవడానికి చూసింది. కాదని ఆమెకు తెలుసు. కాళ్లు దగ్గరికి చేర్చుకుంది. గంధం రంగు చీర. కింద తెల్లగుడ్డ. ఎదురుగా దీపాలు. మొదటి వరుసలో అత్త, మొగుడు, మండీ నుంచి వచ్చిన పదిమంది మగవాళ్లు. ఆమెకు ఒక్కసారిగా పెళ్లయిన కొత్తలో చంద్రగిరి పెళ్లింట్లో జరిగింది గుర్తొచ్చింది. జంపఖానా మీద మరక చూసి ఎవరో, "ఈ పిల్లకి ఒళ్లు తెల్దా ఏంది" అన్నారు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. అత్త ఆమె చేతే, అందరూ భోజనాలు చేస్తుండగా, ఆ జంపఖానా బావిదగ్గర ఉతికించింది. ఉతికినంతసేపూ ఎవరూ ఆమెను తిన్నావా అని అడగలేదు. ఇప్పుడు అమ్మవారి పటానికి ఇంత దగ్గరగా కూర్చుని ఉంది. తెలిసి కూర్చున్నట్టా, తెలియక కూర్చున్నట్టా? లేవకపోతే తప్పు, లేస్తే పదిమందిలో పరువు. 'అమ్మా, నేను కావాలని చేసింది కాదు. నువ్వూ ఆడదానివే కదా, నీకు తెలియని సంగతా ఇది?' అనుకుంది. అనుకున్నాక, తల్లితో అట్లా మాట్లాడవచ్చునా అని భయమేసింది.

ఆట మాత్రం ఆమె చేతుల్లో తనపాటికి తాను నడిచింది. జంట బంట్లు ఒక్కొక్క గడే ఎక్కి, ఇంక రెండు గడులు దాటితే చివర చేరేచోటికి వచ్చాయి. ఇద్దరికీ ఒక్కో ఏనుగు మిగిలింది. చంద్రకాంతమ్మకు అదనంగా ఒక గుర్రం. ఆ గుర్రమే బంట్లకు కాపలా. మునిలక్ష్మికి దారి కనిపించింది. ఏనుగుతో ఆ గుర్రాన్ని కొట్టాలి. ఏనుగు పోతుంది, పోనీ. తర్వాత ఒంటరి ఏనుగు రెండు బంట్లను ఆపలేదు. ఒకదాన్ని కొడితే రెండోది దాటుతుంది. గెలుపు.

గెలిస్తే లేవాలి. లేచి వేదిక ఎక్కాలి. హారతి తీసుకోవాలి. ఫొటో. దర్శనం.

ఊరికే కూర్చుంటే బల్ల పక్కనున్న ఆట గడియారం ఊరుకోదు. అందుకని ఆమె ఏనుగును పక్క గడికి జరిపింది. చంద్రకాంతమ్మ ఒక్క క్షణం ఆశ్చర్యపోయి, తన ఏనుగును జరిపింది. మునిలక్ష్మి ఏనుగును వెనక్కి తెచ్చింది. చంద్రకాంతమ్మ కూడా వెనక్కి తెచ్చుకుంది. మళ్లీ అటు. మళ్లీ... జనం పోయేదాకా, కరెంటు పోయేదాకా, ఏదో ఒకటి జరిగేదాకా ఇట్లా ఆడుతూ ఉంటే చాలు, లేవనక్కర్లేదు. చేతిలో గెలుపు పెట్టుకుని మరకకు భయపడి దాక్కుంటున్నానని ఆమెకు తెలుస్తూనే ఉంది.

దొరస్వామి వంగి మెల్లగా చెప్పాడు. "అమ్మా, బల్లమీద పావులన్నీ ఇదే తీరుగా నిలవడం ఇది రెండోసారి. మూడోసారి కూడా ఇట్లే వస్తే సరిసమానమే. తెలిసే ఆడుతున్నారా?"

వెనకనుంచి ఆదిమూలం గొంతు వినిపించింది. "ఏందబ్బా, దారి మరిచిపోయినట్టుందే మా ఆడామె!" మండీ మగవాళ్లు నవ్వారు.

చంద్రకాంతమ్మ కళ్లజోడు సర్దుకుని ఆమె ముఖం చూసింది. చీర కుచ్చెళ్లను బిగించి పట్టుకున్న ఎడమచెయ్యి చూసింది. ముందుకు వంగి, ఇంకెవరికీ వినపడకుండా అంది. "నాకర్థమయింది. భయపడొద్దమ్మా. సరిసమానం చేసుకుందాం. నేను నీ వెనకాల అడ్డంగా నిలబడతా, ఎవురూ సూడకుండా బాత్‌రూమ్ దాకా తీసుకుపోతా."

ఏడుపొచ్చింది మునిలక్ష్మికి. ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనని మాట అది. సరేనని తల ఊపబోయింది. అప్పుడే తోచింది: చంద్రకాంతమ్మకు కావలసింది కూడా సరిసమానమే కదా. ఇది దయా, ఎత్తా? రెండూనా? తనకు చేయి అందించిన మనిషిని అనుమానించడం ఎంత తక్కువ బుద్ధి! అయినా బల్ల అబద్ధం చెప్పదు. అక్కడ గుర్రం ఉంది, కొట్టమని ఉంది. తాను కొట్టకుండా ఆపుతున్నది బల్లమీద ఏ పావూ కాదు.

"లేదక్కా. ఆడదాం" అంది. ఏనుగునెత్తి గుర్రాన్ని కొట్టింది.

చంద్రకాంతమ్మ తన ఏనుగుతో ఆ ఏనుగును తీసుకుంది. మునిలక్ష్మి బంటు ఒక గడి నడిచింది. అవతలి ఏనుగు వెనక్కి పరుగెత్తింది. రెండో బంటు నడిచింది. చంద్రకాంతమ్మ ఓటమి ఒప్పుకుని, తన రాజును బల్లమీద పడుకోబెట్టింది.

చప్పట్లు. ఆదిమూలం తువ్వాలు గాల్లోకి ఊపాడు. దేవకమ్మ గబగబా కుర్చీ దగ్గరికి వచ్చి, "లెయ్యే, పూజారి హారతి పట్టుకోని ఉండాడు" అంది. మునిలక్ష్మి లేవలేదు. అత్త చూపు కిందికి దిగి, కుర్చీ అంచు దగ్గర ఆగిపోయింది.

"ఓసి నీ... ఎప్పటినుంచే?"

"గుర్రం పోయినప్పటినుంచి."

"నీ గుర్రానికి నిప్పు బెట్ట! వారముందంటివే!" దేవకమ్మ గొంతు తగ్గించింది. "లెయ్యబాకు. మగోళ్లంతా పొయ్యేదాకా ఈడనే కూసో. కాలు నొప్పని సెప్తా. కప్పు మావోడు తీసుకుంటాడు."

ఆమె పోయి కొడుకు చెవిలో ఏదో చెప్పింది. ఆదిమూలం భార్య వైపు ఒకసారి చూసి, వెంటనే గోడ వైపు చూశాడు. అతని ముఖంలో కోపం లేదు. సిగ్గు ఉంది. ఆమె తరఫున కాదు, ఆమె వల్ల. మునిలక్ష్మికి అది కోపం కంటే ఎక్కువగా తగిలింది. పదమూడేళ్లుగా ఆ మనిషికి అన్నం వండింది ఈ ఒళ్లే, ఇద్దరు బిడ్డల్ని కని ఇచ్చింది ఈ ఒళ్లే. మీసం సవరించుకుని అతను వేదిక మెట్లెక్కాడు.

దొరస్వామి మైకు అందుకున్నాడు. "విజేత మునిలక్ష్మి గారికి కాలు బెణికిందట. వారి తరఫున, వారికి ఈ ఆట నేర్పిన గురువూ, భర్తా అయిన ఆదిమూలం గారు బహుమతి అందుకుంటారు."

మునిలక్ష్మి లేచింది.

వెనక ఎవరో "అయ్యో" అన్నారు. ఓడిపోయిన చంద్రకాంతమ్మ, తన ఓటమి మాట మరిచిపోయి, చప్పున వచ్చి ఆమె వెనకాల నిలబడింది. అడ్డంగా, మాట ఇచ్చినట్టే. ఇంతమంచిదాన్ని అనుమానించినానే అని మునిలక్ష్మికి తల వంగిపోయింది. "వద్దులే అక్కా" అంది. ఒక్కతే నడిచింది. సిగ్గు పోలేదు. మెడ వెనక, నడుము కింద, అడుగు అడుగునా పాకుతూనే ఉంది. దాంతోనే మెట్లెక్కింది.

ఆదిమూలం ఆమెను చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. పూజారి హారతిపళ్లెం ముందుకు చాపాడు. మునిలక్ష్మి రెండడుగులు వెనక్కి జరిగి, పటానికి దూరంనుంచే దణ్ణం పెట్టింది. ఆమె నిలబడింది మైకు పక్కనే అని ఆమెకు తెలుసు.

"నేను బయట చేరినాను స్వామీ. హారతి ఈడినుంచే కండ్లకద్దుకుంటాను" అంది. ఆ మాట హాలు చివరిదాకా వినిపించింది. చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కింద దేవకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మునిలక్ష్మి దొరస్వామి వైపు తిరిగింది. ఆయన కప్పు పట్టుకుని, ఇవ్వాలో, బల్లమీద పెట్టాలో తెలియక నిలబడి ఉన్నాడు.

"నాకు కాలేమీ బెణకలేదు. ఆట నేర్పించింది మా మామ. కప్పు నా చేతికియ్యండి."

రెండు చేతులూ చాపింది. ఆయన ఇచ్చేదాకా దించకూడదనుకుంది.