పచ్చిమిరపకాయల కోసం

"తలుపు కింద తడి టవల్ పెట్టు. వాసన బయటికి పోతే హోటలోళ్ళు గలాటా చేస్తారు" అన్నాడు మా ఆయన, మంచం మీద నుంచి లేవకుండానే. హనోయ్‌లో మాకది చివరి పొద్దు, మధ్యాహ్నం విమానం. కల్యాణదుర్గంలో మాకు ఎరువుల అంగడి ఉంది. పోయినేడు అమ్మకాలు బాగున్నాయని కంపెనీవాళ్ళు డీలర్లను భార్యలతో సహా వియత్నాం తీసుకొచ్చారు. అంగట్లో సగం రోజు కూర్చునేది నేను. వేదిక మీద శాలువా కప్పింది మాత్రం మా ఆయన శ్రీరంగప్పకు. "మీరు అదృష్టవంతులు మేడమ్" అన్నాడు నాతో కంపెనీ మేనేజరు.

ఆ అదృష్టాన్ని కరెంటు కుక్కరుతో సహా మోసుకొచ్చాను. బియ్యం, కందిబేళ్ళు, చింతపండు, చెనక్కాయల పొడి. ఈయనకు ఇక్కడి తిండి పడదు. రెండో రోజుకల్లా మిగతా డీలర్లకూ పడలేదు. "మా పుష్పావతి చేస్తాది, రాండప్పా" అని అందరినీ గదికి పిలిచాడు. వాళ్ళ భార్యలు పడవలెక్కారు, ఫోటోలు దిగారు. నేను బాత్‌రూములో టమాటాలు కడిగాను. మా కిటికీ కింద రోజూ పొద్దున్నే వీధి నిండా సంత పరుచుకునేది. ఒక్కసారి పోయొస్తానని రోజూ అడిగాను. "సంత యాడైనా సంతే. చూసేదేముండాది?" అన్నాడు రోజూ.

ఏముందో నాకెలా తెలుస్తుంది? పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా నేను మా ఊరి సంతే చూడలేదు. మా ఇంట్లో సంతకు పోయేది మగవాళ్ళు. "ఆడోళ్ళకు బేరం తెలీదు" అనేది మా అత్త, తానూ ఆడదై ఉండి. వానల్లేని ఏడు కూడా కంబదూరు రైతుల చేత ఎరువు బస్తా కొనిపించేంత బేరం తెలిసిన నాకు, వంకాయల బేరం తెలియదట. ఆయన పుచ్చు వంకాయలు తెస్తాడు. కూర చేదైతే నా చేతిలో గుణం లేదంటాడు. తలుచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

ఆ పొద్దున పచ్చిమిరపకాయలు అయిపోయాయి. అవి లేకుండా ఆయనకు పప్పు దిగదు కాబట్టి నాకు సెలవు దొరికింది. "గబుక్కున తెచ్చేయ్. వాళ్ళంతా తినేకొస్తారు" అన్నాడు.

సంతలో అమ్మేది ఆడవాళ్ళు, కొనేది ఆడవాళ్ళు. మగవాళ్ళు పక్కన పొట్టి స్టూళ్ళ మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. తొట్లలో చేపలు కొట్టుకుంటున్నాయి. పేరు తెలియని ఆకుకూరలు కట్టలు కట్టలు. ఒక ఆకు నలిపి వాసన చూశాను, ఎవరూ ఏమీ అనలేదు. ఒకామె దగ్గర ఉడికించిన చెనక్కాయలు కనిపిస్తే ఒకటి ఒలిచి, "మా వాటికంటే గింజ సన్నం" అని తెలుగులోనే చెప్పాను. ఆమె తన భాషలో ఏదో అంది. ఇద్దరం నవ్వుకున్నాం. మిరపకాయలామె ఖాళీ పళ్ళెం నా చేతికిచ్చింది, ఏరుకోమని. ఒక్కొక్కటే వంచి చూసి, తొడిమ చూసి ఏరాను. ఇంత చిన్న పనిలో ఇంత సంతోషముందా అనిపించింది. ఆ వెంటనే, ఇన్నేళ్ళు దీన్ని కూడా నాకు దక్కనివ్వలేదే అని ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

తిరిగి వస్తూ ఒకచోట ఆగిపోయాను. ఒకామె మరిగే కుండ మీద గుడ్డ బిగించి, దాని మీద బియ్యప్పిండి పలుచగా పరిచి మూత పెడుతోంది. ఆవిరికి ఉడికిన తెల్లటి రేకును వెదురుపుల్లతో లేపి పళ్ళెంలో వేస్తోంది. వేసింది వేసినట్టే తింటున్నారు జనం. ఇంటిల్లిపాదికీ దోసెలు పోసే నేను ఒక్క దోసె పెనం మీంచి వేడిగా తిన్నది లేదు. అందరూ లేచాక, చల్లారినవి, మాడినవి నావి. చీర సర్దుకుని స్టూలు మీద కూర్చున్నాను. మొదటి ముక్కకు నాలుక కాలింది. అయినా ఉమ్మేయలేదు.

ఫోన్ మోగింది.

"ఏమ్మే, యాడుండావు? వీళ్ళంతా వచ్చి కూచోనుండారు."

"సంతలో. తింటాండా."

"నువ్వు తినేదేంది? ఈడ పప్పే కాలేదు."

"కడిగిన బేళ్ళు కుక్కర్లో ఉండాయి. నీళ్ళు పోసి స్విచ్చేయండి. నేను ఇది తిని, ఇంకోటి కూడా తిని వస్తా."

ఆయన గొంతు పెంచి, "ఏం తింటాండావు?" అన్నాడు.

పెళ్ళయినప్పటి నుంచి, నేనేం తిన్నానని ఆయన అడగడం అదే మొదలు.