గుల్ల పోసిన పుంత

నూకరత్నం చేపల గంప నేలమీద బోర్లా పడింది. అదేమీ చెయ్యి జారి పడలేదు. చంద్రరావు గారి కాపలావాడు కాలితో తన్నితే పడింది.

"దిగి నడిచిపొమ్మంటే నోరేసుకుని పడతావేంటే? ఇవాళ్టి నుంచి ఇటు బండి పోదు" అన్నాడు వాడు, తాటిచెక్కల గేటుకి తాళం బిగిస్తూ.

జీపు స్టీరింగు ముందు కూర్చున్న వీరబాబుకి ఒళ్లు మండిపోయింది. వెనక పదకొండు మంది ఆడవాళ్లు, పదకొండు గంపలు. ఎండెక్కకముందే కాకినాడ మార్కెట్టుకి చేరకపోతే ఆ చేపల్ని కుక్కలు కూడా ముట్టవు. మొగపేట నుంచి తారురోడ్డెక్కడానికి ఉన్నది ఈ పుంత ఒక్కటే. తాతల నాటి సర్కారు బండిదారి. దానికి అటూ ఇటూ చేలు కొని రొయ్యల చెరువులు తవ్వించిన చంద్రరావు, మధ్యలో దారి కూడా తనదేనంటున్నాడు. తొంభై ఎనిమిదిలో, వానలు మొదలయ్యే రోజుల మాట ఇది.

ఆ మధ్యాహ్నమే పందొమ్మిది బళ్ల డ్రైవర్లూ కలిసి ఎమ్మార్వో ఆఫీసుకి పోయారు. ఆయన అర్జీ చదవలేదు. బల్లమీదున్న పుస్తకం తిప్పి చూపించాడు.

"ఈ సంతకాలు మీవేనా?"

వాళ్లవే. అది చంద్రరావు గేటు దగ్గరి పుస్తకం. ఆర్నెల్ల కిందట గేటు పెట్టినప్పుడు, "రొయ్యల దొంగలు ఎక్కువయ్యారండి, వచ్చేపోయే బళ్లవాళ్లు కాస్త సంతకం పెట్టండి" అని చంద్రరావు మనిషి ఎంతో మర్యాదగా అడిగాడు. స్టాండులో మొదటి నంబరు వీరబాబుది. మర్యాదగా అడిగినవాణ్ణి కాదనలేక పెట్టేశాడు. మిగతావాళ్లు చదవను కూడా లేదు. బురదలో బళ్లు తోలేవాళ్లకి ఒక అలవాటుంటుంది. ముందు బండి ఏ గాడిలో దిగబడకుండా పోయిందో, వెనక బండి కళ్లు మూసుకుని ఆ గాడిలోనే పోతుంది. సంతకం దగ్గరా అదే చేశారు. ప్రతి పేజీ పైనా 'యజమాని అనుమతితో' అని అచ్చేసి ఉంది.

"రోజూ అనుమతి అడుక్కుని పోయినవాళ్లు, ఇప్పుడు సర్కారు దారంటే ఎలాగయ్యా?" అన్నాడు ఎమ్మార్వో.

చదువుకున్న తమ్ముళ్లూ, మనమీద కాగితాన్ని ఎంత మెత్తగా దింపుతారో చూశారా?

ఆ సాయంత్రం స్టాండులో మీటింగు పెడితే మీటింగులా సాగలేదు, కొట్లాటలా సాగింది.

"నీ వెనకాల వచ్చినందుకు మా కొంపలు ముంచావు కదరా!" అని ట్రాక్టరు తోలే గంగరాజు వీరబాబు చొక్కా పట్టుకున్నాడు.

"చంద్రరావు గారి దగ్గరికెళ్లి బతిమాలదామండి" అన్నాడొకడు.

వీరబాబు చొక్కా విడిపించుకోలేదు. "తప్పు నాదే. ఇక నా వెనక రాకండి. ఎవరి బుర్రతో వాళ్లు ఆలోచించండి. కానీ బతిమాలడానికి మాత్రం నేను రాను" అన్నాడు.

అప్పుడు నూకరత్నం లేచింది. "నీ జిమ్మడ! నీ సంతకం ఆర్నెల్లది. మా గుల్ల ఎప్పటిదిరా?"

అందరూ ఆవిడ వంక చూశారు. ఏటా వానలకి ముందు ఒక రోజు బళ్లన్నీ ఆగిపోతాయి. ఆడవాళ్లు సముద్రపు ఒడ్డున గుల్లలు ఏరి గంపలకెత్తుతారు, డ్రైవర్లు తోలుకొచ్చి పుంత మీద పోస్తారు. గుల్ల లేనిచోట చక్రం మునిగిపోతుంది.

"ఎడ్లబళ్ల నాడు మా అత్త పోసింది. తరవాత నేను పోశాను. చంద్రరావు పోశాడా ఒక్క గంప? తవ్వి చూపిద్దాం, పదండి!"

గంగరాజు చొక్కా వదిలేశాడు. "ట్రాక్టరు నేను తెస్తాను" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పందొమ్మిది బళ్లూ గేటు ముందు బారు తీరాయి. ట్రాక్టరు నిండా కొత్త గుల్ల. పారలతో ఆడవాళ్లు. గేటు గుంజ పక్కనే తవ్వుతుంటే మోకాలి లోతు దాకా తెల్లగా గుల్లే పడింది. చంద్రరావు గుంజ కూడా వాళ్ల గుల్లలోనే పాతుకుని ఉంది!

చంద్రరావు ఫోను కొడితే ఎస్సై జీపులో దిగాడు. కాపలావాడు పరిగెత్తి గేటు తీశాడు.

నూకరత్నం గుంతలోని గుల్ల చూపించబోయింది. "గుల్లలు నాకొద్దు. ఎవడు తవ్వమన్నాడు?" అన్నాడు ఎస్సై.

"నేనేనండి" అన్నాడు వీరబాబు.

"మేమందరం తవ్వాం" అన్నారు ఆడవాళ్లు. ఎస్సై వినలేదు. వీరబాబుకి బేడీలేయించి జీపులోకి తోయించి, బండి తిప్పమన్నాడు. వెనక బళ్లు దూరకుండా కాపలావాడు గేటు మూసేలోగా బయటపడాలని పోలీసు డ్రైవరు కంగారుగా తిప్పాడు. పుంత దాటి వెనక చక్రం చెరువు పక్క బురదలో దిగబడిపోయింది. ఇంజను ఎంత రేజు చేస్తే అంత లోపలికి పోతోంది.

"అక్కడ రోడ్డు లేదండి. రోడ్డు ఇటుంది" అన్నాడు వీరబాబు లోపల్నుంచి.

"తొయ్యండ్రా!" అని అరిచాడు ఎస్సై.

ఒక్కరూ కదల్లేదు.

"ఆ గుల్ల పొయ్యండి చక్రం కింద!"

"పుంతలో అయితే పోస్తామండి. చంద్రరావు గారి చెరువులో మేమెందుకు పోస్తాం?" అంది నూకరత్నం, పార మీద చేతులు పెట్టుకుని.

వాన మొదలైంది. చక్రం సగం మునిగింది. ఎస్సై అటూ ఇటూ చూశాడు. చుట్టుపక్కల చెక్కన్నది ఆ గేటు ఒక్కటే.

"ఆ గేటు పీకి చక్రం కింద వెయ్యండయ్యా!" అని కానిస్టేబుళ్ల మీద అరిచాడు.

"సార్, చంద్రరావు గారు..." అన్నాడు కాపలావాడు.

"నోర్ముయ్యి!"

కానిస్టేబుళ్లే గేటు ఊడబెరికారు. చక్రం దాని మీదికెక్కింది. తాటిచెక్కలు ఫెళఫెళ విరిగాయి. జీపు పైకొచ్చి రోడ్డెక్కేసరికి గేటన్నది లేదు. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. గంగరాజు ట్రాక్టరు స్టార్టు చేశాడు.

తారురోడ్డు మీద ఎస్సై వెనక్కి తిరిగి చూశాడు. ట్రాక్టరు, జీపులు, ఆటోలు, అన్నీ హారన్లు కొట్టుకుంటూ వస్తున్నాయి. పోలీసు స్టేషను వైపే వస్తున్నాయి. వీరబాబు జీపు కూడా అందులో ఉంది. ఎవరో తోలుతున్నారు.

"ఒరేయ్, వాళ్లని వెనక్కి పొమ్మని చెప్పు. నీ మాట వింటారు కదా?"

వీరబాబు బేడీల చేతుల్తో మొహం మీది వాన తుడుచుకున్నాడు.

"వినరండి. నా వెనక రావద్దని నిన్ననే చెప్పేశాను. వాళ్ల రోడ్డు మీద వాళ్లొస్తున్నారు."