రూయీ గదిలో మనిషి

దెవొలిందా కొడుకు రూయీ సముద్రం పని నా వల్ల కాదని లక్సెంబర్గ్‌కు వెళ్ళి, అక్కడ గోడలు కట్టే పనిలో చేరాడు. అప్పటికే వాళ్ళ ఊరు కషీనస్ రేవులో సగం మంది కుర్రాళ్ళు అదే దారి పట్టారు. వల లాగే చేతులు కరువై, ఆమె భర్త అల్బానో తన పడవలోకి ఇండోనేషియా నుంచి వహ్యూది అనే మనిషిని తెప్పించుకున్నాడు. అతనికి పడుకోను రూయీ గది ఇచ్చారు.

మొదట్లో దెవొలిందాకు అతన్ని చూస్తేనే ఒళ్ళు మండేది. కంచం అతని ముందు విసురుగా పెట్టేది. పంది మాంసం పక్కకు తోస్తే పొగరనుకుంది. వాళ్ళ మతంలో అది తినకూడదని తెలిశాక అతనికి చేపల పులుసు వేరే గిన్నెలో వండసాగింది. అతను తనను అమ్మా అని ఎప్పటినుంచి పిలుస్తున్నాడో ఆమె గమనించనేలేదు.

నాలుగో ఏడు జనవరిలో, రేవు మొగలోనే అల పడవను తిరగేసింది. ఊళ్ళోని ఆడవాళ్ళంతా ఇసుకలో చేరి ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. రక్షణ బోటు అల్బానోతో పాటు నలుగురిని ఒడ్డుకు తెచ్చింది. ఎవరి మనిషిని వాళ్ళు పొదివి పట్టుకుని వెళ్ళిపోయారు. "మనవాళ్ళంతా దక్కారు వదినా, తల్లి మరియమ్మ దయ," అంది పక్కింటి ఇదలీనా. దెవొలిందా కళ్ళు ఇంకా నీళ్ళ మీదే ఉన్నాయి. ఒడ్డుకు రాని వహ్యూది కోసం గుండెలు బాదుకోవడానికి ఆ ఇసుకలో ఒక్క ఆడమనిషి లేదు. భర్తను ఆసుపత్రికి పంపి, పొద్దుగూకి గాలింపు ఆపేసేదాకా తానొక్కతే నిలబడింది.

శవం దొరకలేదు. ఆమె నల్లబట్టలు కట్టింది. ఫోన్‌లో చూసిన రూయీ కంగారుపడి ఎవరు పోయారని అడిగాడు.

"నీ మంచం మీద పడుకున్నవాడు."

"వాడు మనవాడు కాదుగా అమ్మా."

"నువ్వక్కడ ఎవరివాడివిరా? నీకేదైనా అయితే ఏడ్చే తల్లి ఒకతి అక్కడ ఉండాలని రోజూ మొక్కుకుంటున్నాను."

రూయీ అప్పుడు అతని పేరేమిటని అడిగాడు. నాలుగేళ్ళలో అదే మొదటిసారి.

వహ్యూది బట్టలు భార్యకు పంపాలనుకుంది దెవొలిందా. ఆ పిల్ల చేతికి శుభ్రంగా అందాలని చొక్కాలు, దుప్పటి, దిండు గలీబు అన్నీ సబ్బు పెట్టి ఉతికి, ఇస్త్రీ చేసి, పెట్టెలో సర్దింది. మర్నాడు ఇంకో పడవలో పనిచేసే స్లామెత్ వచ్చాడు. వాళ్ళ ఊరివాడే, ఇక్కడి మాటలు కాస్త వచ్చు. వహ్యూది భార్య రుమ్యాతి కబురు పంపిందన్నాడు.

"బట్టలు ఉతక్కుండా పంపమంది అమ్మా. ఆయన వాసన ఉంటుందని."

దెవొలిందా పెట్టె తెరిచింది. ఒక్కొక్క చొక్కా తీసి ముఖానికి ఆనించుకుంది. అన్నీ సబ్బు వాసనే. స్లామెత్ తల వంచుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.