ఐదు దేశాలు చూసిన కోచ్

ఎగోన్‌ను ఐదు దేశాలు బతిమాలి పిలిపించుకున్నాయనీ, ఆ ఐదు దేశాలే మళ్ళీ బతిమాలి పంపించేశాయనీ రొట్టెల దుకాణం హెడ్విగ్, ఓబర్‌టాల్ అనే ఆ జర్మన్ పల్లె అంతా చెప్పుకొచ్చిందట. ఆ మాట ఎగోన్ చెవిన కూడా పడింది. ఆయన పట్టించుకోలేదు. ఆఫ్రికాలో, ఆసియాలో జాతీయ జట్లను నడిపినవాడు ముసలితనంలో సొంతూరి ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా ఉండటానికి ఒప్పుకోవడమే ఊరు చేసుకున్న పుణ్యమని ఆయన నమ్మకం. ఇంటి గోడ మీద ఐదు జెండాలున్నాయి. కప్పుల కోసం చేయించిన అలమరలో మాత్రం ఆయన భార్య జామ్ సీసాలు పెట్టుకుంది.

ఆదివారం ఆట సగమయ్యేసరికి జట్టు మూడు గోల్స్ వెనకబడింది. విరామంలో ఎగోన్ తన అనుభవసారమంతా పంచాడు. గోల్‌కీపర్‌ని గడ్డిమోపు అన్నాడు. మాంసం కొట్టువాళ్ళబ్బాయి కన్నా వాళ్ళ కొట్లో వేలాడే పందే చురుగ్గా కదులుతుందన్నాడు. అంతా ఓపిగ్గా విని, బూట్లు విప్పి, సంచులు సర్దుకుని ఇళ్ళకు పోయారు.

సాయంత్రం క్లబ్బులో కమిటీ కూర్చుంది. ఎగోన్‌ను ఉంచాలా, తీసెయ్యాలా అన్నదే మాట. ఇక్కడ కూడా పొమ్మంటే ఆయన్ని పిలిచే చోటు ఇంకెక్కడా లేదు.

“నేనేం కొత్తగా అన్నాను? ఐదు దేశాల్లోనూ ఇవే మాటలన్నాను. అక్కడి కుర్రాళ్ళు చప్పట్లు కొట్టి మరీ మైదానంలోకి ఉరికేవాళ్ళు. మనవాళ్ళకే పౌరుషం చచ్చింది.”

కమిటీ పెద్దలు గ్లాసులు ముందుకు జరిపారు. బీరు పోస్తున్న బావమరిది లోరెంజ్ చెయ్యి ఆపాడు.

“అక్కడివాళ్ళకి జర్మన్ రాదు బావా.”