నడిమి కంబం

ఆ పొద్దున ఆకాశం తేటగానూ లేదు, మూసుకోనూ లేదు. పడమటి గుట్టల మీద నల్లమబ్బు ఒకటి ముందుకు రాకుండా, వెనక్కి పోకుండా ఊరికే చూస్తూ ఉంది. అది కురిస్తే మిద్దె మీది చౌడుమన్ను తడిసి బరువెక్కుతుంది. పంచలో నడిమి కంబం మొదలు చూస్తే పుచ్చిపోయింది. ఆదినారాయణకు మబ్బును నమ్మబుద్ధి కాలేదు. తమ్ముడు చెన్నప్పను నమ్మడం ఏనాడో మానుకున్నాడు.

సింహాద్రిపురం దగ్గరి ఆ ఊళ్లో అన్నదమ్ములది ఒకే మిద్దె. కర్నూలు రాజధాని అయిన యేడు భాగాలు పడి, పంచ నడుమ మొలెత్తు మట్టిగోడ లేచింది. రాజధాని హైదరాబాదుకు పోయింది గానీ గోడ పోలేదు. దాని కొసనున్న కంబం ఎవరి భాగానికీ రాలేదు. దాని మీది దూలం ఇద్దరి కప్పునూ మోస్తూనే ఉంది.

"కంబం మొదట్లో నీళ్లు పోస్తాండారు," అన్నాడు ఆదినారాయణ గొంతు తగ్గించి. "లేకుంటే టేకుమాను ఇట్లా పుచ్చుతుందా? మన పక్క కూలితే పీడ పోతాదని చెన్నప్ప ఎత్తు."

భార్య వసంతమ్మ రాగులు చెరుగుతూ తలెత్తలేదు. "దూలం ఒకటే కదా. మన పక్క కూలితే వాళ్ల పక్కది ఆకాశానికి అంటుకోనుంటాదా?"

వేముల నుంచి వచ్చిన వడ్రంగి జిలానీ మొదట చెన్నప్ప భాగంలో కూర్చుని వక్కాకు వేసుకున్నాడు. ఆదినారాయణ అదీ మనసులో పెట్టుకున్నాడు.

"ఏం జిలానీ, ఆ పక్క ఆకు శానా రుచా?"

"యాడైనా ఆకు ఆకే మామా. ఈ పక్క ఎవురూ పెట్టలే."

జిలానీ ఉలితో పొడిస్తే సంగటిముద్దలో దిగినట్టు దిగింది. "పుచ్చిన కాడికి కోసేసి రాతిముక్క ఎక్కించాల. అంతదాకా దూలానికి ఈడొక ఊతకర్ర, ఆడొక ఊతకర్ర. ఇద్దురూ పట్టాల."

"ఆ పక్కకు నా జీతగాణ్ని పంపిస్తా," అన్నాడు ఆదినారాయణ.

"నా ఇంట్లేకి నీ మనిషి యాల అన్నా? నాకు చేతుల్లేవా?" గోడ అవతల నుంచి చెన్నప్ప.

ఊతకర్రలు లేచాయి. అవతలి కర్ర సరిగ్గా చెన్నప్ప వంటింటి వాకిలికి అడ్డమొచ్చింది. అతని భార్య మునెమ్మ పొయ్యి దగ్గరికి పోలేక బయటే నిలబడిపోయింది.

"కావాలనే ఆడ పెట్టించినారు," అని గొణిగింది.

దూలం ఉన్నచోటే కదా కర్ర అనబోయి ఆదినారాయణ ఆగిపోయాడు. ఇన్నాళ్లూ తన నోట్లో నానిన మాటలాంటిదే మునెమ్మ మాట కూడా.

కంబం మొదలు తవ్వే పని జిలానీకి వదల్లేదతను. తడి ఎటునుంచి వచ్చిందో తన కళ్లతోనే చూడాలి. గడ్డపార వేస్తే మన్ను పెచ్చులు పెచ్చులుగా లేచింది. ఎర్రమన్ను, పేడ అలుకు, మళ్లీ ఎర్రమన్ను. గోడ అవతల చెన్నప్ప కూడా గడ్డపార పట్టుకున్నాడు. అతనికీ చూడాల్సింది ఏదో ఉన్నట్టుంది.

జానెడు దిగాక ఠంగుమంది. నాయన కంబం కింద వేయించిన అడుగురాయి. ఒకప్పుడు అది నేలకు పైన ఉండేది. దాని మీద కూర్చుని ఇద్దరూ చెనిక్కాయలు ఒలిచేవాళ్లు.

భాగాలైన తర్వాతి వానకు అవతలి నీళ్లు ఇవతలికి వచ్చాయని ఆదినారాయణ బండెడు ఎర్రమన్ను తోలించి తన పక్క నేల ఎత్తించాడు. ఆ మీదట చెన్నప్ప ఎత్తించాడు. మళ్లీ ఇతను. రాయి మునిగిపోయి, కంబం మన్నులో నిలబడి తేమ తాగింది.

"నువ్వు నీళ్లు పోస్తాండావనుకుంటి," అన్నాడు చెన్నప్ప, రాయి వంకే చూస్తూ.

"నేనూ అంతే అనుకుంటి."

"మబ్బు కదులుతాంది మామా. మాటలు రేపు మాట్లాడుకోండి," అన్నాడు జిలానీ రంపం అందుకుంటూ.

పుచ్చిన మొదలు తీసేసి, అడుగురాయి మీద కొత్త రాతిముక్క నిలిపి, సున్నం మెత్తాడు. సున్నం ఆరేదాకా కర్రలు కదపొద్దన్నాడు. అన్నదమ్ములు రాయి చుట్టూ ఉన్న మన్ను తీసి బయట పోశారు. ఒకడు గంప నింపితే రెండోవాడూ నింపాడు. అవతలివాడు తక్కువ తీస్తున్నాడేమోనని ఇద్దరి కన్నూ గోడ దాటుతూనే ఉంది.

వంటిల్లు మూసుకుపోయిన మునెమ్మను వసంతమ్మ గోడ మీదుగా పిలిచింది. "రాండి. ఎసరు ఎక్కువే పెట్టినా."

వాన మొదలయ్యేసరికి అందరూ కంబం దగ్గర సంగటి, ఊరుబిండి పచ్చడి ముందు కూర్చున్నారు. పైన మన్ను తడుస్తోంది. దూలం ఒకసారి కిర్రుమంటే ముద్దలు ఆగి, మళ్లీ కదిలాయి. చెన్నప్ప చెయ్యి నీళ్లచెంబు మీదికి పోయింది. ఆదినారాయణ చూపు దాని వెంటే పోయింది. చెన్నప్ప తాగి, చెంబును కంబానికి దూరంగా గడప పక్కకు జరిపి పెట్టాడు. ఆదినారాయణ ముద్దను ఊరుబిండిలో అద్దుకున్నాడు.