కాల్షియం సీసా

ప్రతి నెలా మొదటి ఆదివారం నేను స్నానాల గదిలో కొళాయి విప్పి, బకెట్ నిండేలోపు అరవై మాత్రలు రేకుల్లోంచి వొలుస్తాను. రేకు చిటపటమంటుంది, అందుకే నీళ్ల చప్పుడు కావాలి. వొలిచిన మాత్రల్ని కాల్షియం సీసాలో పోసి, ఖాళీ రేకుల్ని కాగితంలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో దాచి, మర్నాడు ఆఫీసు చెత్తబుట్టలో పడేస్తాను. ఏడేళ్లుగా ఇదే పని. "అంతసేపు ఏం చేస్తావమ్మాయ్ లోపల, బకెట్‌తో కబుర్లా?" అంటారు అత్తయ్య.

అవి ఫిట్స్ మాత్రలు. పదమూడో ఏట నుంచి వేసుకుంటున్నాను. పెళ్లికి ముందు మా అమ్మ నాకు తల దువ్వుతూ, "అక్కడ ఆ మాట ఎత్తావంటే నా మీద ఒట్టు" అంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అమ్మ ఆ సంగతి ఊరందరికీ చెప్పింది, ఈ సంగతి ఒక్కటీ మింగేసింది. పెళ్లైన మూడో నెలలో వంటింట్లో పడిపోయాను. ఇంట్లో మా ఆయన ఒక్కరే ఉన్నారు. తెలివొచ్చేసరికి నా తల ఆయన వొళ్లో ఉంది. కోప్పడలేదు. "అమ్మకి తెలిస్తే నిన్ను బతకనివ్వదు. నేను చూసుకుంటాలే" అన్నారు. సీసా ఉపాయం ఆయనదే. ఎంత మంచివాడు దొరికాడు అనుకుని ఆ రోజు ఏడ్చాను కూడా. నన్ను దాచిపెట్టడమూ కాపాడడమూ ఒకటి కాదని తెలియడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

కడుపుతో ఉన్నప్పుడు అత్తయ్య సీసాని తన చేతుల్లోకి తీసుకున్నారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పాలగ్లాసుతో తెచ్చి, నేను మింగేదాకా ఎదురుగా నిలబడేవారు. "బిడ్డ ఎముకలు గట్టిపడాలి" అనేవారు. ఆ అలవాటు ఇప్పటికీ మానలేదు.

ఐదో నెలలో మందుల పెట్టెలోని కాగితం మడత విప్పి చదివాను. గర్భిణులు వాడితే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతినొచ్చు, డాక్టరుకి తప్పక చెప్పాలి అని చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. ఆయనకి చూపించాను. "ఇవన్నీ చదివితే తలనొప్పి మాత్ర కూడా వేసుకోలేం. డాక్టరుకి చెబితే అమ్మకి చెప్పినట్టే. పరీక్ష గదిలోకి తను రాకుండా ఆపగలవా నువ్వు?" అన్నారు. ఆపలేకపోయాను. మూడు రోజులు మాత్రని నాలుక కింద దాచి, తర్వాత ఉమ్మేశాను. నాలుగో రోజు మెట్ల దగ్గర పడిపోయాను. నీరసం అన్నారు అత్తయ్య. మళ్లీ మింగడం మొదలుపెట్టాను. మింగితే బిడ్డకి భయం, మానేస్తే ఇద్దరికీ భయం. ఇంకో మందు ఏదైనా ఉందేమో అడగాలంటే, డాక్టరు ముందు నా తరఫున మాట్లాడే నోరు అత్తయ్యది.

పాపకి ఇప్పుడు ఆరేళ్లు. పిచ్చుక అని పిలుస్తాం. రెండు పనులు కలిపి చెబితే దానికి అందవు. "బూట్లు తెచ్చి బల్ల కింద పెట్టమ్మా" అంటే తెస్తుంది. తెచ్చి, రెండు చేతుల్తో పట్టుకుని, మిగతా సగం నా మొహంలో రాసి ఉందేమో అన్నట్టు చూస్తూ నిలబడిపోతుంది. "మా వైపు ఇలాంటివాళ్లు ఎవరూ లేరు. మావాడు ఏడాది నిండకుండానే నన్ను ఎదిరించేవాడు" అంటారు అత్తయ్య. "ఆఫీసూ ఆఫీసూ అని పరిగెత్తడమేగా, పిల్లతో నాలుగు మాటలు మాట్లాడిందెప్పుడు?" ఆయన పేపరు తిరగేస్తారు.

ఆ ఆఫీసులో నా పని దరఖాస్తులు సరిచూడడం. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఎర్రగీత గీసి వెనక్కి పంపిస్తాను. "మీ చేతిలో పడితే యముడి చేతిలో పడ్డట్టేనండీ" అంటాడు పక్కసీటు గుమాస్తా.

నాలుగు రోజుల కింద, మళ్లీ నెల తప్పిందని ఆయనకి చెప్పాను. మాత్రల సంగతీ ఎత్తాను. "ఒకసారి గట్టెక్కాం కదా, ఇప్పుడూ అలాగే గట్టెక్కుతాం. అమ్మకి నేను నెమ్మదిగా చెబుతాలే కడుపు సంగతి" అన్నారు. గట్టెక్కాం! అప్పుడు పిచ్చుక వాకిట్లో బూట్లు పట్టుకుని నిలబడి ఉంది.

ఇవాళ పొద్దున, బడివాళ్లు పంపితే, పిల్లల ఎదుగుదల చూసే డాక్టరమ్మ దగ్గరికి నలుగురం వెళ్లాం. ఫారం నా చేతికిచ్చారు. పదకొండో గడి: గర్భంతో ఉన్నప్పుడు తల్లి వాడిన మందులు. ఆయన నా భుజం మీదుగా వంగి, "లేవు అని రాసెయ్" అన్నారు. కలం అక్కడే ఆగింది. ఉన్నాయని రాయలేదు, లేవనీ రాయలేదు.

లోపల డాక్టరమ్మ పిచ్చుకతో, "బంతి తీసుకుని డబ్బాలో వెయ్యి కన్నా" అంది. పిచ్చుక బంతి తీసుకుంది. తీసుకుని నా వైపు చూస్తూ నిలబడింది.

డాక్టరమ్మ ఏదో రాసుకుని ఫారం తిప్పింది. "ఈ గడి వదిలేశారేం?"

"మందులేం లేవండీ" అత్తయ్య అందుకున్నారు. "కాల్షియం ఒక్కటే. ఒక్క పూట తప్పనివ్వలేదు. నా చేత్తో నేనే ఇచ్చాను."

బల్ల కింద ఆయన పాదం నా పాదాన్ని నొక్కింది. పిచ్చుక ఇంకా బంతి పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది, మిగతా సగం కోసం.

నేను బ్యాగులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాను. వచ్చేటప్పుడు ఎందుకు వేసుకున్నానో అప్పటిదాకా నాకే తెలియదు.

"ఇది కాల్షియం కాదండీ. ఫిట్స్ మాత్రలు" అన్నాను. మందు పేరు చెప్పాను. మోతాదు చెప్పాను.

"ఏం మాట్లాడుతున్నావమ్మాయ్?" అన్నారు అత్తయ్య. కొడుకు వైపు చూశారు. ఆయన నేల వైపు చూశారు. అప్పుడు ఆవిడ తన కుడిచెయ్యి వొళ్లోంచి తీసి, వెనక్కీ ముందుకీ తిప్పి, ఎవరిదో చెయ్యిలా చూసుకున్నారు.

డాక్టరమ్మ సీసా మూత తీసి లోపలికి చూసింది. "మీ అంతట మీరు మాత్రం ఆపకండి. ఆఖరుసారి ఎప్పుడు వేసుకున్నారు?"

"ఇవాళ పొద్దున. అత్తయ్యే ఇచ్చారు" అన్నాను. "నాకిప్పుడు రెండో నెల."